మందం కవరు

అఖిలకు కవర్లు ఏరే పని పడ్డది. నవ్వొస్తే నవ్వుండ్రి గని, మొగడు తుంటి బొక్క ఇరిగి మంచం మీద పండుకుంటే, ఆయన కోసం ఊరంత చందా అడిగే కవరు ఏ తీరుగ ఉండాలెనో ఆమెనే చెప్పాలెనట. గట్లన్నది ఊరి అభివృద్ధి కమిటీ. మా బోధన్ దిక్కు ఊర్లల్ల కమిటీ అంటే ఏందో తెలువనోళ్లకు ఒక్క ముక్క చెప్పుత. సర్పంచ్ సంతకం లేకున్న పని అయితదేమో గని, కమిటీ మాట లేకుంటే కాదు. బర్రె పక్కోని చెరుకుల పడితే జుర్మాన కమిటీదే, అన్నదమ్ములు గెట్టు కాడ కొట్టుకుంటే పంచాతీ కమిటీదే. కాదన్నోని ఇంటికి ఊరు మాటలు బంద్. పోయినేడు లింబయ్య కాదన్నడు. మూడు నెలలు ఆయనకు కిరాణపోడు ఉప్పు ప్యాకెట్ ఇయ్యలే, ఆయన పొలంల నాట్లకు కైకిలోళ్లు పోలే. ఆఖరుకు లింబయ్య జుర్మాన కట్టి, పదిమంది ముందల తువ్వాల చేతుల వట్టుకొని తప్పయిందన్నడు. అది ఊరంత చూసింది, అఖిల గూడ చూసింది.

అసలు సంగతేందంటే, అఖిల మొగడు మల్లికార్జున్ పడ్డది కమిటీ హాలు మీదికెల్లే. కొత్త హాలు కట్టుడైంది, సురువు చేసేదుండె. ఇంటికొక్క మనిషి పనికి రావాలెనని కమిటీ చీటీలు పంపింది. ఇది ఊర్ల ఎప్పటి రివాజే, రాకుంటే జుర్మాన. మల్లికార్జున్‌కు వచ్చిన చీటీల లైట్లు కట్టే పని రాసుండె. పొద్దంత చెరుకు ట్రాక్టర్ నడిపి వచ్చినోడు, బువ్వ గూడ తినకుంట పోయి హాలెక్కిండు. పిట్టగోడకు సక్కగ నీళ్లన్న పట్టలే, ఇంత ఆనుకుంగనే ఇటుకలు ఊడినయ్, మనిషి కింద పడ్డడు. సర్కారు దవాఖానల రాడ్డేసే డాక్టర్ నెల దాక రాడన్నరు. నిజామాబాద్‌ల ప్రైవేటోళ్లు సోమవారం తారీకిచ్చిండ్రు. అది దాటితే బొక్క వంకర అతుకుతది, ఇగ ట్రాక్టర్ ముచ్చట మర్సిపోండ్రని ఖరాఖండిగ చెప్పిండ్రు.

గప్పుడు వచ్చిండు ఇంటికి కమిటీ పెద్ద ఆత్మారాం పటేల్. నోట్ల బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాట్లాడుతడు మనిషి. కమిటీ పనిల పడ్డడని బయటికి పోతే పోలీసు కేసయితదట, హాలు సురువు ఆగుతదట, రేపటికెల్లి ఏలు తెగినోడు గూడ కమిటీనే ఇయ్యాలెనంటడట. గందుకని ఊరు ఊరంత సాయం చేస్తది, ఇంటికొక్క కవరు పంచుతది. గని కవరు మీద కారణం మాత్రం కమిటీ చెప్పినట్టే ఉండాలె. ఏం కారణమో చెప్పిండు. అఖిల గట్లెట్ల పటేలా అనబోయింది. ఆయన చెయ్యి లేపి ఆపిండు.

"కేసు పెడుతనంటే పెట్టు బిడ్డా, నేనేం అడ్డం రాను. ఆపరేషన్ సోమవారం. కేసు సోమవారానికి తెగుతదా?"

అఖిల మొగని దిక్కు చూసింది. అత్త రుక్మాబాయి గోడకానుకొని కూసున్నది. మంచం మీద, నడుముకు అటొకటి ఇటొకటి ఇసుక సంచుల నడుమ పండుకున్న మల్లికార్జున్ రేకుల దిక్కు చూసుకుంటనే మాట్లాడిండు.

"ఊకో అఖిలా. ఊర్ల బతకాలె."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ దాంట్ల దుంకినా దుంకేది తనే. ఊకున్నది.

బుధవారం పొద్దుగాల ఆత్మారాం కార్ల ఆమెను నిజామాబాద్ తీస్కపోయిండు. కవర్లు ఏరెతందుకు పెండ్లాం ఎందుకు, ఆయనే పోయి తెస్తే కాదా అని మీరడగొచ్చు. అక్కడనే ఉన్నది పటేల్ తెలివి. నీ చేతుల మీదనే కావాలె బిడ్డా, రేపు ఎవ్వడు కమిటీని అనొద్దు అన్నడు. తొవ్వల చెరుకు బండ్ల ఎనుక కారు ఆగినప్పుడల్ల ఏదో ఒక ముచ్చట పెట్టిండు. జానకంపేట దాటినంక, గప్పుడే యాదికొచ్చినట్టు, లైట్ల పనికి పంపిన చీటీ గిట్ల ఇంట్ల ఉన్నదా అనడిగిండు. అఖిల లేదన్నది. అంగీ దవాఖానల కత్తిరించి పారేసిండ్రు, అందులనే పోయిందేమో అన్నది. పటేల్ మంచిదే అన్నడు.

చీటీ ఉన్నది. కత్తిరించిన అంగీని అఖిల పారెయ్యలే, తెచ్చి పిండింది. పిండే ముందల జేబుల చెయ్యి పెడితే దొరికింది, మడతల మీద నెత్తురు మరకతోని. దేవుని పటం ఎనుక పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెల్వది. అబద్ధం ఎందుకాడిందో గూడ తెల్వది, నోట్లకెల్లి అదే వచ్చింది.

దుకాణం కంఠేశ్వర్ గుడికి పోయే తొవ్వల ఉన్నది. పెండ్లి కార్డులు, కవర్లు, రసీదు బుక్కులు, అన్ని అచ్చేస్తరు. దుకాణపాయన ఉమామహేష్, బోధన్ దిక్కు కాలువ కింద భూములు కొనుక్కున్న కోస్తావాళ్ల కొడుకు. గౌరవంగ కుర్చీలేసి, గల్ల మీద కవర్లు పరిచిండు. ఎర్రవి, బంగారు రంగువి, వినాయకుని బొమ్మవి. ఒక్కొక్క కవరు మీద రూపాయి బిళ్ల అతికి ఉన్నది. ఇవి శుభకార్యాలకండి, బిళ్లతో సహా వస్తాయి అన్నడాయన. రూపాయి మనమే పెట్టి అడుక్కుంటమా అని పటేల్ పక్కకు జరిపిండు. తెల్లవి చూపిస్తే సావు కబురు లెక్కున్నయన్నడు. గోధుమ రంగువి కచేరీ నోటీసులోలె ఉన్నయన్నడు. అఖిల తన చేతుల దిక్కు చూసుకుంట కూసున్నది. మొగని కాలు కోసం వచ్చిందో, ఎవలదో పెండ్లి బట్టల బేరానికి వచ్చిందో ఆమెకు సమజ్ కాలే.

ఆఖరుకు పటేల్‌కు ఒకటి నచ్చింది. పలుచటి కవరు, నడుమ పారదర్శకం కాయితం అతికిచ్చి కిటికీ తీర్గ ఉన్నది. లోపట ఏ నోటు పెట్టిండో బయటికే కనవడుతది. ఇగ ఎవ్వడు పది రూపాయలు పెట్టి చేతులు దులుపుకోడని మురిసిండు. అఖిలకు ఊరు కండ్లల్ల మెదిలింది. వాడకట్టుల ముసలమ్మలు, కైకిలికి పోయేటోళ్లు, పది నోటు గూడ ఎతుక్కొని తీసేటోళ్లు. ఎట్లన్న ఆఖరుకు మైకుల చదువుతరు, గని అంతకు ముందే, కవరు ఇచ్చేకాడనే, వాళ్ల లేమిని గూడ తన మొగని పేరు మీద బజార్ల పెట్టాలెనా? పొద్దుటికెల్లి మొదటిసారి నోరు తెరిచి గది వద్దన్నది.

పటేల్ ఇనిపిచ్చుకోలే. ఉమామహేష్ గప్పటికే కంప్యూటర్ల మాటలు కొట్టి, ఒక నమూనా కాయితం తీసి ముందల పెట్టిండు. "ప్రమాదవశాత్తు తన ఇంటి డాబా మీది నుండి జారిపడిన మల్లికార్జున్ వైద్య సహాయార్థం. మీకు తోచినంత దానం చేయగలరు." కింద మూలకు చిన్న అక్షరాలల్ల, సరిచూసుకున్నాను, సంతకం అని ఉన్నది. అచ్చయ్యాక తప్పులు మా మీద పెట్టకూడదు కదండీ, ఎవరో ఒకరు చేయాలి అన్నడు పాపం ఆయన. ఆయనకేం ఎరుక. పటేల్ కలం తీసి అఖిల చేతిల పెట్టిండు.

అఖిల ఒక్కొక్క అక్షరం చదివింది. మా ఇంటి డాబా అనుకున్నది. వాళ్లది రేకులిల్లు. రేకుల మీద పిల్లి నడిస్తే వంగుతయ్. లేచిపోదమా అనిపించింది. లేచి ఏడికి పోవాలె? బస్టాండుకు పోతే బస్సు మళ్ల ఊరికే తోలుకపోతది. సోమవారానికి నడుమ నాలుగు రోజులే ఉన్నయ్. కలం వట్టుకొని ఆమె కవర్ల కుప్పల అడుగుకు చూసింది. పసుపు పచ్చది ఒకటి, అట్ట తీర్గ మందం, ఎండల పెట్టినా లోపటిది కనవడదు.

"గీ మందం కవరైతేనే సంతకం పెడుత పటేలా."

పటేల్ ఆమె దిక్కు చూసి నవ్వి, సరే గదే ఎయ్యి అన్నడు. ఆయనకు కావాల్సింది సంతకం. అఖిల పెట్టింది. పెట్టి ఇయ్యంగనే ఆ నమూనా కాయితాన్ని పటేల్ నాలుగు మడతలు పెట్టి జేబుల ఏసుకున్నడు. దుకాణపాయన మా దగ్గర ఉండాలండి అంటే, ఇంకో కాయితం తీసుకో అన్నడు. అఖిల అది చూసింది. పీకల దాక కోపమొచ్చింది, గని ఏం లాభం, సంతకం పెట్టిన చెయ్యి తనదే.

తెల్లారి బేస్తారం కవర్లు పంచిండ్రు. పంచింది లింగం. కమిటీకి చీటీలు రాసుడు, రసీదులు కోసుడు, మైకుల చదువుడు అన్ని ఆయన పనే. నలభై ఏండ్లకు సదువు నేర్చుకున్న మనిషి. గందుకే కండ్ల వడ్డ అక్షరం నోట్లకు రావాల్సిందే. బస్సు బోర్డు, సబ్బు కాయితం, మందుగోలీల పట్టీ, ఏదైన పెద్దగ చదువుతడు. లింగం ముందల పెండ్లాం ఉత్తరం గూడ ఇప్పొద్దని ఊర్ల నవ్వుతరు. అఖిల వాకిట్ల నిలవడి కవరు మీదిది గూడ గట్లనే గొంతెత్తి చదివిండు. రుక్మాబాయి మెల్లగ బయటికొచ్చి, మొఖం మీద నవ్వు లేకుంట అడిగింది.

"మా రేకులింటికి డాబా ఎప్పుడు కట్టిండ్రు లింగం?"

లింగం తలెత్తి రేకుల దిక్కు చూసిండు. సంచిల చెయ్యి పెట్టి ఒక కవరు తీసి అఖిలకిచ్చిండు. దాని మీద ఇంటి నంబరు ఎనభై ఏడని రాసున్నది. మాకెందుకన్న అనడిగింది అఖిల. ఇంటికొక్క కవరు, ఏ ఇల్లు ఇడువొద్దని పటేల్ చెప్పిండు చెల్లె అన్నడాయన తల వంచుకొని. వసూళ్లకు కమిటీల ఎప్పటికెల్లో ఒక్కటే కానూను. వినాయకుని పందిరైన, బోరు బాయైన, ఒక్క ఇంటికి మాఫ్ చేస్తే పక్కింటోడు అడుగుతడు. ఉత్త కవరు ఇచ్చినోనికి ఐదు వందల జుర్మాన. మొగని కాలుకు పెండ్లాం గూడ దానం చెయ్యాలె. ఇసొంటి న్యాయం ఏ దేశంల ఉన్నదో నాకైతే తెల్వది.

గీ రెండు దినాలు అఖిలకు బయటికి పోవుడే కష్టమయ్యింది. బోరు కాడ ఆడోళ్లు ఆమెను చూసి మాట మార్చిండ్రు. కొందరు నిజంగనే పాపమన్నరు. కొందరు, మాకు జరమొస్తే ఎవలు కవర్లు పంచిండ్రు అన్నరు, ఆమెకు ఇనవడేటట్టే అన్నరు. హాలు మీదికెల్లి పడ్డడని అందరికి ఎరుకే, పడ్డప్పుడు లేపింది వాళ్లే. ఒక్కరి నోట్లకెల్లి గా మాట రాలే. లింబయ్య ఎదురువడి, ఏదో అందామని ఆగి, తువ్వాల సదురుకొని ఎల్లిపోయిండు. ఆయనను చూస్తె అఖిలకు తన రేపటి దినం కనవడ్డట్టయ్యింది.

శనివారం కవరు ఇచ్చే దినం. పొయ్యి కాడ కూసొని అఖిల కవరుల యాభై నోటు పెట్టింది. మల్లా తీసింది. అంతకన్న ఎక్కువ ఇంట్ల లేకుండె గని, తీసింది గందుకు కాదు. గా నోటు పెట్టి అంటిస్తే, డాబా మీదికెల్లి పడ్డడన్న మాటకు తను రెండోసారి సంతకం పెట్టినట్టు. లేచి దేవుని పటం ఎనుకకెల్లి చీటీ తీసింది. రుక్మాబాయి అంత చూసింది. వద్దనలే, పెట్టమనలే. గిన్నెలకెల్లి ఒక అన్నం మెతుకు తీసి కోడలి చేతిల పెట్టింది. అఖిల దాంతోని కవరు అంటించింది. లోపట ఏమున్నదో ఎండకు పట్టి చూసింది. ఏం కనవడలే. మొగనికి చెప్పలే.

ఆదివారం పొద్దుగాల హాలు ముందల టెంటు ఏసి కుర్చీలేసిండ్రు. ఎవలెంత ఇచ్చిండ్రో మైకుల చదువుడు గూడ రివాజే. మైకు కొమ్ములు ఊరు నాలుగు దిక్కుల కట్టుంటయ్, మంచం మీదున్న మల్లికార్జున్‌కు గూడ ఇనవడుతది. లింగం కవరు చింపుడు, నంబరు, పేరు, పైకం చదువుడు. మందం కవరైతే తక్కువ పెడుతరేమో అనుకుంటిమి గని జనం బాగనే ఇచ్చిండ్రు. కొన్నిట్ల పది ఉన్నది, కొన్నిట్ల వెయ్యి ఉన్నది. నంబరు ఎనభై దాటినంక అఖిల కవర్ల కుప్ప దిక్కు చూసింది. లేచి పోయి తన కవరు తాను తీసుకుంటే ఏమైతది అనుకున్నది. గని లేవలే.

"ఇంటి నంబరు ఎనభై ఏడు, మల్లికార్జున్" అని లింగం కవరు చింపిండు. కాయితం ఇప్పిండు. తన రాతే అది. గొంతు ఒక్క గడియ ఆగింది, మళ్ల అలవాటు గొంతును తీస్కపోయింది.

"ఆదివారం పొద్దుమీకి కమిటీ హాలు మీద లైట్లు కట్టుటకు మల్లికార్జున్ రావలెను. రాకుంటే జుర్మాన ఐదు వందలు."

ఊరు నాలుగు దిక్కుల కొమ్ములు అదే మాట అన్నయ్. ఆత్మారాం లేచి, లింగం చేతిలకెల్లి చీటీ మెల్లగ తీసుకొని జేబుల పెట్టుకున్నడు. పొరపాటున వచ్చింది గదా బిడ్డా అని అడిగిండు, అదే బెల్లం గొంతు. పొరపాటు కాదన్నది అఖిల. ఆయన రెండో జేబులకెల్లి నాలుగు మడతల కాయితం తీసిండు. ఇప్పి జనానికి చూపిచ్చిండు. డాబా మీదికెల్లి పడ్డడని రాసినదాని కింద సంతకం ఎవలది అని అడిగిండు.

అఖిల లేచి నిలవడ్డది.

"నాదే పటేలా. సోమవారం ఆపరేషనున్నదని పెట్టిన. గని మా ఇంటికి డాబా లేదు. అది ఊరందరికి ఎరుకే."

ఒక్కరన్న ఔనంటరేమోనని చూసింది. నన్నడిగితే ఒక్కరు అన్నా బాగుండు. అందరు నేల దిక్కు చూసిండ్రు. లింబయ్య తువ్వాల చేతిల వట్టుకొని ఎటో చూస్తున్నడు. పటేల్ గొంతు పెంచలే. అక్కెర తీర్చే ఊరితోని పంతం మంచిది కాదన్నడు. చందా ఊరోళ్లది, దాన్ని కమిటీ ఆపదు, పూరా ఇస్తమన్నడు. గని కవరుల పైకం పెట్టలే, కానూను అందరికొక్కటే, గా చందాలకెల్లే ఐదు వందలు పట్టుకొని ఇయ్యుండ్రన్నడు. తరువాతి నంబరు చదువుమన్నడు. లింగం చదివిండు. పటేల్ జేబుల చీటీ, పటేల్ జేబుల సంతకం. అఖిల కూసున్నది, ఇంకా నూట యాభై ఇండ్ల పేర్లు చెవులవడే దాక కూసున్నది.

ఇంటికొస్తే మల్లికార్జున్ రేకుల దిక్కే చూస్తుండె. కోపమా, భయమా తెల్వది. తను చేసింది ఆయన నెత్తి మీదికి తెచ్చిందా అని అఖిలకు అనిపించింది. రేపు దవాఖానకెల్లి వచ్చినంక గీ ఊర్లనే ఉండాలె, గీ బోరు కాడికే పోవాలె, గీ పటేల్ కారుకే దండం పెట్టాలె.

పొద్దు వాలేటప్పుడు లింగం వచ్చిండు. పైకం మూట ఇచ్చిండు. జుర్మానకు రసీదు గూడ తెచ్చిన చెల్లె అన్నడు. కమిటీల ఏ జుర్మానైన రసీదు లేకుంట తీసుకోరు, కారణం రాయకుంట రసీదు కొయ్యరు, గది పటేల్ పెట్టిన కానూనే. గని పటేల్‌కు బద్ధకం. బుక్కు రాంగనే నూరు కాయితాలకు ఒక్కపారే సంతకాలు పెట్టి, ముద్ర గూడ లింగం చేతిలనే పెడుతడు.

లింగం రసీదు కండ్ల ముందలకు తెచ్చుకొని ఎప్పటి తీర్గనే పెద్దగ చదివిండు.

"ఇంటి నంబరు ఎనభై ఏడు. కమిటీ హాలు మీద లైట్లు కట్టుటకు మల్లికార్జున్‌ను పిలిచి, ఆయన పడిన దినము నాటి కమిటీ చీటీని కవరులో పెట్టినందుకు జుర్మాన రూపాయలు ఐదు వందలు ముట్టినవి."

కింద ఆత్మారాం సంతకం ఉన్నది. సంతకం మీద కమిటీ ముద్ర ఉన్నది.

లింగం కాయితం అఖిలకిచ్చి, ఉన్నది ఉన్నట్టు రాసిన చెల్లె, తప్పేమన్న ఉన్నదా చూడు అన్నడు. అఖిల ఆయన మొఖం దిక్కు చూసింది. ఆయన ఆమెను చూస్తలేడు, తలెత్తి రేకుల దిక్కు చూస్తున్నడు. తప్పేం లేదన్నా అన్నది. రుక్మాబాయి చాయ్ తాగి పో అంటే, పనున్నదని చెప్పులేసుకొని ఎల్లిపోయిండు.

మల్లికార్జున్ మంచం మీదికెల్లి చెయ్యి చాపిండు. రసీదు తీసుకొని, పెదవులు కదుపుకుంట, రెండుసార్లు చదివిండు. అఖిల ఎదురుచూసింది, ఊకో అంటడేమోనని.

"దవాఖాన ఫైలుల పెట్టు" అన్నడు. "ఎక్స్‌రే ఎనుక పెట్టు, మడత వెయ్యకు."